పసుపు పలకల దారి

ఫ్యాక్టరీల ఊరి నడిబొడ్డున లారీలు తిరిగే కూడలిని మూసేసి, మనుషులు తీరిగ్గా నడిచే చోటుగా మారుస్తున్నారు. అక్కడ పలకలు పరిచే పని మేస్త్రమ్మది. చూపులేనివాళ్లు పాదంతో తడుముకుంటూ నడవడానికని గాట్లున్న పసుపు పలకలను ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా పరిచింది. ఆ వరస సరిగ్గా మధ్యలో, కొత్తగా నిలబెట్టిన ఉక్కు గడియారం స్తంభానికి వెళ్లి కొట్టుకుంటుంది.

వరసను పక్కకు తిప్పుదామని ఇంజనీరుకు నాలుగుసార్లు చెప్పింది. పైనుంచి ఫొటో తీస్తే గీత వంకరగా కనిపిస్తుందన్నాడాయన. పైనుంచి నడిచేవాడెవడని అడగబోయి, పని పోతుందని నోరు మూసుకుంది. అప్పట్నించీ ఆ పసుపు రంగు చూస్తేనే ఆమెకు రోత.

ప్రారంభానికి ముందురోజు, చూపులేని మనిషి ఆ దారిన నడుస్తుండగా వీడియో తీయాలన్నారు. ఇంజనీరు పిలిపించిన మనిషిని చూసి ఆమె గుండె జారిపోయింది. సొంత అక్క మొగుడు. పోతపనిలో కరిగిన ఇనుము చింది కళ్లు పోయినవాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"ఏమే మరదలా, నాకోసం పసుపు రంగు ఏరారటగా? నలుపు వేసినా నేనేం వంక పెట్టేవాణ్ణి కాదు."

అందరూ నవ్వారు. మరదలు వేసిన దారి మీద నిద్రలో కూడా నడవొచ్చని కెమెరా అతనితో గొప్పలు పోయాడు. చేతికర్ర వీడియోలో బాగుండదని ఇంజనీరు దాన్ని దూరంగా పెట్టించాడు. స్తంభానికి రెండడుగుల ముందు తాను అతన్ని పట్టుకుని ఆపుతానని, ఆ ముక్క కత్తిరించేస్తామని ఆమె చెవిలో చెప్పాడు. పుదీనా బిళ్ల వాసన గుప్పుమంది.

బావ బయల్దేరాడు. తలెత్తి, చేతులూపుకుంటూ, పెళ్లివారింటికి వెళ్తున్నట్టు నడిచాడు. ఏడేళ్లుగా అతను అలా నడవడం ఆమె చూడలేదు. స్తంభం దగ్గర ఇంజనీరు చెయ్యి చాచి, దూడను పట్టేవాడిలా నిలబడ్డాడు. నవ్వుతున్నాడు కూడా.

"బావా, ఆగు. ఎదురుగా స్తంభం ఉంది. తెలిసే వేశాను."

అతను ఆగాడు. చెయ్యి చాచి ఉక్కును తడిమాడు. గాట్లు ఎక్కడిదాకా ఉన్నాయో పాదంతో చూసుకున్నాడు. స్తంభం మొదటిదాకా ఉన్నాయి.

"నీ చేతిపనని అందరికీ చెప్పుకున్నాను కదే," అన్నాడు మెల్లగా.

పోనీలే, మళ్లీ మొదట్నించి తీద్దామన్నాడు ఇంజనీరు. బావ ఆ గొంతు వైపు కూడా తిరగలేదు. కాళ్ల దగ్గరి పలక మీద కాండ్రించి ఉమ్మాడు.

తన పని మీద సిమెంటు చుక్క పడితే ఓర్చుకోని మేస్త్రమ్మ, ఆ ఉమ్మును తుడవలేదు. సుత్తి, ఉలి తెచ్చుకుని ఆ పలక దగ్గరే చతికిలబడింది.