మూడో గది సీలు

లిండెన్‌ఫుర్ట్ జనం విప్లవం చేసినా పద్ధతిగానే చేస్తారు. పాత ప్రభుత్వం కూలిపోతున్న ఆ ఏడు, డిసెంబరు మొదటి వారంలో రహస్య పోలీసుల కచేరీ పొగగొట్టంలోంచి నల్లటి పొగ లేచింది. కాగితాలు తగలబెట్టేస్తున్నారని ఊరు ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికి పరుగెత్తింది. ఎవరి మీదా చెయ్యి పడలేదు, ఒక్క అద్దం పగల్లేదు. పైగా లోపలికి వెళ్ళేముందు అందరూ గుమ్మంలో బూట్లకంటిన మంచు దులుపుకుని మరీ వెళ్ళారు. మర్నాడు పదిమంది ఆడవాళ్ళు చాకులు తెచ్చి, మెట్ల మీద కారిన మైనం గీకి శుభ్రం చేశారు. నలభై ఏళ్ళు తమను వణికించిన ఇంటి మెట్లవి. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ ఆ చాకులు తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

కాగితాలున్న గదులకు తాళాలు వేసి, తలుపుల మీద సన్నటి కాగితపు పట్టీలు అంటించి సీలు వేశారు. వాటిని ఎవరు చూడొచ్చో చెప్పే చట్టం వచ్చేదాకా ఎవరూ ఏదీ చదవకూడదు, తన గురించి రాసిందైనా సరే. అది అందరూ కలిసి వేసుకున్న ఒట్టు. ఆ పట్టీలు చేసింది ఇర్మ్‌ట్రౌట్, ఊరి గ్రంథాలయంలో పాతికేళ్ళుగా పుస్తకాలు బైండు చేసే మనిషి. మైదా జిగురు కాచింది కూడా ఆమే. ఆ పట్టీ చిరక్కుండా ఊడదీసి, ఎవరికీ తెలియకుండా మళ్ళీ అంటించగల చెయ్యి ఊళ్ళో ఒక్కటే ఉంది. ఆ చెయ్యీ ఆమెదే.

మూడో గదిలో ఆమె భర్త లోథార్ ఫైలు ఉంది. పదకొండేళ్ళ కిందట ఓ పుట్టినరోజు భోజనం దగ్గర లోథార్ ప్రభుత్వ పెద్దల మీద ఏదో జోకు వేశాడు. బల్ల దగ్గర మొగుడూ పెళ్ళాలు కాక నలుగురే ఉన్నారు. వారం తిరక్కుండా అతన్ని పట్టుకుపోయారు. పద్నాలుగు నెలల జైలు, ఆ తర్వాత మానని దగ్గు, ఆ తర్వాత సమాధి. ఆ నలుగురిలో ఎవరు చెప్పారన్నది ఇర్మ్‌ట్రౌట్‌ని ఒక్కరోజు కూడా నిద్రపోనివ్వలేదు.

గదుల దగ్గర కాపలాకు ఇద్దరిద్దరు వంతులు. ఆ మంగళవారం పగలు ఆమెకు జోడీ రిటైరైన భూగోళం టీచరు జైడ్లర్ మాస్టారు. బల్ల సొరుగులో తాళంచెవులు, బల్ల మీద రిజిస్టరు. ఎవరు వచ్చారు, ఎన్నింటికి, ఎందుకు అన్నది అందులో రాయాలి, పక్కన సాక్షి సంతకం ఉండాలి. పదకొండున్నరకి మాస్టారు భోజనానికి వెళ్ళారు. ఆయనలా వెళ్ళగానే రోస్‌విటా వచ్చింది, గుడ్డలో చుట్టిన క్రిస్మస్ రొట్టెతో. ఆమె ఎదురింటి మనిషి, చర్చి పాటల బృందంలో పక్క కుర్చీ. ఆనాడు బల్ల దగ్గరున్న నలుగురిలో ఒకతె. అయినా ఇర్మ్‌ట్రౌట్ అనుమానం ఏనాడూ అటు పోలేదు.

ఇర్మ్‌ట్రౌట్ రిజిస్టరులో పదకొండు నలభై అని టైము వేసి, మాటల్లో పడి మిగతాది వదిలేసింది.

"ఏమే, చలికి ఇలా బిగుసుకుపోయి కూర్చుంటే పతకం ఇస్తారనుకున్నావా? ముందు ఇది తిను."

"ఎండుద్రాక్ష ఎక్కువేశావు."

"నీ నోటికి ఏనాడు నచ్చింది గనక." రోస్‌విటా తాను తెచ్చిన చాకుతో రొట్టె కోసింది గానీ తాను ముట్టలేదు. మూడో గది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ పట్టీ నువ్వు చేసిందేగా. నువ్వైతే ఊడదీసి మళ్ళీ పెట్టేయగలవు. ఒక్క కాగితం తీసివ్వవే. నీకూ లోథార్‌ది చూసుకున్నట్టుంటుంది."

"ఏం కాగితం?"

"ఉందిలే. అడక్కు."

"నావల్ల కాదు రోజీ."

"నీవల్ల కాకేం. నీకు మనసొప్పక." చాకు కూడా మర్చిపోయి విసురుగా వెళ్ళిపోయింది.

ఇర్మ్‌ట్రౌట్ మూడో గది తలుపు వైపు తిరిగింది. నిజం పది అడుగుల దూరంలో ఉంది. కాఫీకి పెట్టిన కెటిల్ అప్పటికే మరుగుతోంది. దాన్ని తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి, పట్టీకి ఆవిరి పట్టింది. ఎడమ అంచు మెత్తబడి గోరంత లేచింది.

లేచిన అంచు అలలు తేలింది. ఆ అలలు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. సరిహద్దు అవతల హాంబర్గ్ నుంచి అక్క రాసిన ప్రతి ఉత్తరం కవరూ సరిగ్గా ఇలాగే వచ్చేది. పెద్ద నిపుణురాలు అక్కర్లేదు, మొదటి ఉత్తరానికే కనిపెట్టింది. "అతికించడం కూడా చేతకాని వెధవలు" అని లోథార్ దగ్గర తిట్టింది కూడా. ఆ పోలీసులు ఇదే ఇంట్లో, ఇలాగే కెటిల్ పట్టుకుని నిలబడి ఉంటారు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

కెటిల్ దించి రిజిస్టరులో రాసింది: "పన్నెండు పది. మూడో గది సీలు ఎడమ అంచు ఆవిరితో లేపాను. తలుపు తీయలేదు. ఇర్మ్‌ట్రౌట్ హోల్‌ఫెల్డర్."

పై గడిలో టైము ఒక్కటే ఉంది. రోస్‌విటా పేరు రాయబోయి కలం ఎత్తేసింది. మనిషి ఎదురుగా లేనప్పుడు ఆ మనిషి అన్న మాటలు టైము వేసి కాగితం మీద పెట్టడం. ఆ గది నిండా ఉన్నది అదే కదా. రాయకపోతే ఒట్టు తప్పినట్టు, రాస్తే చాడీలు రాసిచ్చినవాళ్ళలో తానూ కలిసినట్టు. ఏం చెయ్యాలో తోచక కిటికీ తెరిచింది. రోస్‌విటా ఎదురుగా బస్సు స్టాపు బెంచీ మీద కూర్చుని ఉంది.

"రోజీ, పైకి రా. చాకు మర్చిపోయావు."

పైకి వచ్చాక రిజిస్టరు ఆమె వైపు తిప్పి కలం అందించింది. "నీ సంగతి నేను రాయనే. నువ్వే రాసుకో. నాది నేను రాసేశాను, చూడు."

రోస్‌విటా రెండుసార్లు చదివింది. "నీ మీద నువ్వే రాసుకున్నావా, పిచ్చిదానా?"

"ఊఁ."

రోస్‌విటా కలం అందుకుంది. గబగబా రాసేసి, కోటు బొత్తాలైనా పెట్టుకోకుండా, చాకు మళ్ళీ అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయింది.

"లోథార్ గురించి నేను రాసిచ్చిన కాగితం తీసేయమని అడగడానికి వచ్చాను. తీయలేదు. రోస్‌విటా క్లింగర్."

ఈ పేరు తెలిసిన రోజు అరుస్తాననీ, వెళ్ళి ఆ ఇంటి తలుపులు బద్దలు కొడతాననీ ఇర్మ్‌ట్రౌట్ పదకొండేళ్ళుగా అనుకుంది. తీరా తెలిశాక కళ్ళనీళ్ళు మాత్రం కారుతూ ఉన్నాయి.

మాస్టారు వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని రెండు గడులూ చదివారు.

"నన్ను కాపలా నుంచి తీసేస్తారా మాస్టారూ?"

"తన తప్పు తానే రాసుకునే మనిషిని తీసేసి ఇంకెవర్ని పెట్టమంటావమ్మా? కొత్త పట్టీ తీసుకురా." ఆమె రాసిన దాని పక్కన సాక్షి సంతకం చేసి, రోస్‌విటా గడి మీద వేలు పెట్టారు. "దీనికి సాక్షివి నువ్వే."

ఇర్మ్‌ట్రౌట్ సంతకం చేసింది. తర్వాత చాకు తుడిచి గుడ్డలో చుట్టింది. ఆదివారం చర్చిలో ఇచ్చేయాలి. ఆ పక్క కుర్చీలో కూర్చోగలదో లేదో ఆమెకే తెలియదు. చాకు మాత్రం తన చేత్తోనే ఇవ్వాలనుకుంది.