పరీక్ష లేని కోర్సు

ప్రజారోగ్య విభాగంలో ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. పిల్లలందరికీ ఆవిడ సబ్బు మేడం. క్లాసులోకి వస్తూనే "చేతులు కడుక్కున్నారా?" అని అడిగే మనిషికి అంతకంటే అతికే పేరు దొరకదు. ఆ పేరు ఆవిడకి తెలియదని పిల్లల నమ్మకం. తెలుసని ఆవిడా ఎప్పుడూ బయటపడలేదు.

ఆవిడ చెప్పే ఎలెక్టివ్ 'అంటువ్యాధుల దర్యాప్తు'. ఊళ్ళో ఏదన్నా జబ్బు పాకితే అది ఎవరి దగ్గర మొదలైంది, ఎవరి నుంచి ఎవరికి అంటింది అని ఇల్లిల్లూ తిరిగి కూపీ లాగే విద్య. ఆవిడ ప్రాణం పెట్టి చెప్తుంది. ప్రాణం పెట్టి చెప్పే కోర్సుల వైపు పిల్లలు కన్నెత్తి చూడరు, అది వేరే సంగతి. పక్క గదిలో గణాంకాల మాస్టారు కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి మీటలు నొక్కిస్తాడు, మార్కులు వాటంతటవే రాలతాయని పేరు. అందరూ ఆయన గుమ్మం ముందే బారులు తీరారు. సబ్బు మేడం కోర్సులో నలుగురు చేరారు. ఆ నలుగురిలో ఒకడు గది తప్పి వచ్చాడని తర్వాత తేలింది.

హెడ్డుగారు ఆవిడని పిలిపించాడు. ఆయన ఎంత చేదు కబురైనా ఆశీర్వదిస్తున్నట్టే చెప్తాడు.

"పది మంది లేకపోతే కోర్సు ఎత్తేయాలమ్మా, అది రూలు. కోర్సే లేకపోతే మీ కాంట్రాక్టు పొడిగించమని నేను పైవాళ్ళని ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు తోముతూ ఆవిడ ఆలోచించింది. ఇన్నేళ్ళుగా జబ్బులు ఎలా పాకుతాయో చెప్తున్న మనిషికి ఒక్క మాటని పాకించడం రాకపోతే ఆ చదువెందుకు, తగలెయ్యనా? నలుగురిలో తిరిగే మనిషిని ఒక్కణ్ణి పట్టుకుంటే చాలు, మిగతా పని వాడే చూసుకుంటాడని ఆవిడ మొదటి వారంలోనే చెప్పే పాఠం. అలాంటివాడి కోసం వెతకాల్సిన పని కూడా లేదు. ముందుగదిలో సోఫా మీద కాళ్ళు బారచాపుకుని పడుకుని ఉన్నాడు.

మరిది. అదే యూనివర్సిటీలో భూగోళశాస్త్రం పీజీ చేస్తూ అన్నావదినల దగ్గర ఉంటున్నాడు. మనసు వెన్న, కాళ్ళు మాత్రం ఒక చోట నిలవవు, నోట్లో నువ్వుగింజ నానదు. భర్త పుట్టినరోజుకి ఆవిడ గుట్టుగా చొక్కా కొంటే, అది ఇంటికి చేరేలోపే దాని రంగు, కాలరు, కొలత అన్నీ ఆయనకి తెలిసిపోయాయి. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఈ అబ్బాయికి ఏ సంగతీ చెప్పరు. అతను గదిలోకి రాగానే మాటలు వాతావరణం మీదికి మళ్ళిపోతాయి.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"నీకొక మాట చెప్తాను. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

అతను గబుక్కున లేచి కూర్చున్నాడు. "నాకా? ఒట్టు వదినా!"

"ఈసారి నా కోర్సులో పరీక్ష ఉండదు. అందరికీ మంచి గ్రేడే. నేను చెప్పానని మాత్రం పొరపాటున కూడా అనకు."

"ఛ ఛ, నేనెందుకంటాను?"

పరీక్ష తీసేసే ఉద్దేశం ఆవిడకి ఏ కోశానా లేదు. ముందు గదినిండా జనాన్ని కూర్చోబెడితే, చదువు రుచి వాళ్ళకి తనే చూపించగలదని ధీమా. రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

మాట బయల్దేరింది. హాస్టల్లో ఉన్నంతసేపూ అది పరీక్ష లేని కోర్సే. టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి హాజరు కూడా అక్కర్లేదన్నారు. లైబ్రరీ మెట్ల మీద దానికి విదేశీ యాత్ర తోడైంది. అక్కణ్ణుంచి చిలవలు పలవలు అల్లుకుని, కోర్సు పూర్తిచేసినవాళ్ళకి ఏదో పెద్ద సంస్థలో ఉద్యోగం చేతికిస్తారట అన్నదాకా వెళ్ళింది. వారం తిరిగేసరికి సబ్బు మేడం గదిలో కుర్చీలు చాలక పిల్లలు కిటికీ గట్ల మీద కూర్చున్నారు. గణాంకాల మాస్టారి గదిలో కంప్యూటర్లు తమలో తాము గురక పెట్టుకున్నాయి.

ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ ఊపులో మొదటి పని అప్పజెప్పింది. "మన చుట్టూ ఈ మధ్య పాకిన దేన్నైనా ఒకదాన్ని తీసుకోండి. ఎక్కడ మొదలైందో కనిపెట్టండి."

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. నిజం చెప్పాలంటే, ఆ పిల్ల చెయ్యి దించగా ఎవరూ చూడలేదు. "మేడం, ఈ కోర్సులో పరీక్ష లేదన్న పుకారు పాకింది కదా. అది ఎవరు పుట్టించారో కనిపెడతాం."

మేడం కంగారుగా అడ్డుపడింది. "జలుబు తీసుకో తల్లీ. జలుబు చాలా బాగుంటుంది."

"జలుబు అందరూ చేస్తారు మేడం."

ఈలోగా గణాంకాల మాస్టారు హెడ్డుగారి దగ్గర మొర పెట్టుకోవడం, ఆయన ఈ దర్యాప్తు సంగతి విని మురిసిపోవడం జరిగిపోయాయి. "బ్రహ్మాండంగా ఉంది, కానివ్వండి. విభాగం పేరు బజారుకీడ్చినవాడు ఎవరో తేలాలి. తేలిన రోజు వాడికి ఇక్కడ నూకలు చెల్లినట్టే" అన్నాడు, ఎప్పట్లా ఆశీర్వదిస్తూ.

నివేదిక చెప్పే రోజు ఆయన స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ముందు బెంచీ అమ్మాయి బోర్డు నిండా సున్నాలు చుట్టి, ఎవరు ఎవరి దగ్గర విన్నారో బాణాలు గీసింది. కోర్సులో చేరిన ప్రతి ఒక్కరినీ అడిగారట. బాణాల్లో ముప్పాతిక వంతు ఒకే సున్నా నుంచి బయల్దేరాయి. ఆ సున్నా ఆఫీసు గుమస్తాది.

దరఖాస్తులు తీసుకునే మనిషి ఆయన. ఆయన ఉద్యోగం కూడా ఏడాదికేడాది పొడిగించేదే. ఆ పూట బోర్డు తుడిచే బట్ట ఇవ్వడానికి వచ్చి, బోర్డు మీద తన పేరు చూసుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. "నేను... అందరూ అంటుంటే నిజమేనా అని అడిగానండి, అంతే" అన్నాడు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. హెడ్డుగారు అప్పటికే కలం మూత తీశాడు.

సబ్బు మేడం ఊరుకుంటే సరిపోయేది. కోర్సు దక్కేది, ఉద్యోగం దక్కేది. ఊరుకుందామని మనస్ఫూర్తిగా ప్రయత్నించింది కూడా. గుమస్తా మొహం చూస్తే జాలేసింది, నిజమే. కానీ అంతకంటే ముందు, ఆ బోర్డు మీది తప్పు ఆవిడని కూర్చోనివ్వలేదు. అన్యాయాన్ని ఓ పూట ఓర్చుకునే మనుషులుంటారు. తప్పు లెక్కని క్షణం కూడా ఓర్చుకోలేని మనుషులూ ఉంటారు. ఆవిడ రెండో రకం.

"ఎవరిని అడిగారమ్మా మీరు?"

"చేరినవాళ్ళందరినీ మేడం."

"చేరాలంటే ఎవరి కిటికీ దగ్గరికి వెళ్ళాలి? ఆయన కిటికీకే కదా! అక్కడ వరసలో నిలబడ్డ ప్రతివాడూ ఆ మాట అక్కడ వింటాడు. ఆసుపత్రిలో రోగులున్నారని డాక్టరే జబ్బు అంటించాడంటామా? విని కూడా చేరనివాళ్ళ సంగతేంటి? వాళ్ళని అడగండి, ముందు వాళ్ళని అడగండి!"

అనేశాక గాని తన గోతిని తనే తవ్వుకున్నానని ఆవిడకి తెలియలేదు. ముందు బెంచీ అమ్మాయి కళ్ళు మాత్రం వెలిగిపోయాయి. హెడ్డుగారు కలానికి మూత పెట్టి, వచ్చే క్లాసుకి మళ్ళీ వస్తానన్నాడు.

విని కూడా చేరనివాళ్ళు మిగతా విభాగాల నిండా ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా గుమస్తాగారి మొహం ఎరగరు. వాళ్ళ బాణాలు వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి భూగోళశాస్త్రంలో ఒకే ఒక్క కుర్రాడి దగ్గర ఆగాయి. తర్వాతి క్లాసులో అతన్ని తెచ్చి బోర్డు పక్కన నిలబెట్టారు. అతనికీ మేడానికీ చుట్టరికం ఉందని అక్కడ ఎవరికీ తెలియదు.

"నీకెవరు చెప్పారు బాబూ?" అన్నాడు హెడ్డుగారు.

మరిది వదిన వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు. "ఎవరూ చెప్పలేదండి. నేనే పుట్టించాను."

"ఎందుకు?"

"ఊరికే. సరదాకి."

"సరదాకా? యూనివర్సిటీ నుంచి పంపించేస్తే అది కూడా సరదాగానే ఉంటుందేమో చూద్దాం."

అతని చెవులు ఎర్రబడ్డాయి. పెదవి మాత్రం విప్పలేదు. చొక్కా రంగు దాచలేని నోరు అది. సబ్బు మేడం లేచింది. సుద్దముక్క తీసుకుని, మరిది సున్నాకి పైన ఇంకో సున్నా చుట్టి, అక్కణ్ణుంచి కిందికి బాణం గీసింది. సున్నాలో 'సబ్బు మేడం' అని రాసింది.

గది మొత్తం నోరెళ్ళబెట్టింది. పుకారు పుట్టించింది ఆవిడ అన్నందుకు కొంత, ఆ పేరు ఆవిడకి తెలుసన్నందుకు ఇంకాస్త ఎక్కువ.

"మా మరిదండి. పరీక్ష లేదని ఇంట్లో నేనే నోరు జారాను. ఇందులో అతని తప్పేం లేదు" అంది హెడ్డుగారితో. నోరు జారాను అన్న ముక్క అబద్ధం. మిగతాదంతా నిజం.

హెడ్డుగారు కలం జేబులో పెట్టుకుని లేచి, "పరీక్ష ఉందని ఇప్పుడే వీళ్ళకి చెప్పండి. మానుకోవడానికి గడువింకా ఉంది. పదిమంది మిగిలితే మీరూ మిగులుతారు" అన్నాడు.

పరీక్ష ఉందని చెప్పింది. మూడు గంటల పరీక్షని కూడా చెప్పింది. కిటికీ గట్లు ముందు ఖాళీ అయ్యాయి, తర్వాత వెనక బెంచీలు, తర్వాత మధ్యవి. గుమస్తాగారి కిటికీ దగ్గర మళ్ళీ వరస కట్టారు, ఈసారి బయటికి పోవడానికి. చివరికి ముందు బెంచీ అమ్మాయితో కలిపి తొమ్మిది మంది మిగిలారు.

ఆవిడ బోర్డు తుడుస్తుంటే మరిది దరఖాస్తు కాగితం ఊపుకుంటూ లోపలికొచ్చాడు. "వేరే విభాగం వాళ్ళు కూడా చేరొచ్చట వదినా, గుమస్తాగారు చెప్పారు. నేను చేరిపోయాను. ఇంతకీ ఈ కోర్సు దేని గురించి?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "నా పేరెందుకు చెప్పలేదురా? నిన్ను పంపించేస్తామన్నా నోరు విప్పలేదే!"

"పరీక్ష లేదన్న మాట ఆగక ఒకరిద్దరితో అనేశాను, అది నా తప్పే. కానీ నువ్వు చెప్పావని ఎలా అంటాను వదినా?" అన్నాడు అతను, కాస్త సిగ్గుపడుతూ. "ఇంట్లో నాకెవరూ ఏమీ చెప్పరు. నువ్వొక్కదానివే నన్ను నమ్మి చెప్పావు."

గదినిండా జనం ముందు నిజం రాయగలిగిన సబ్బు మేడం, ఆ మాటకి మాత్రం తుడిచిన బోర్డునే మళ్ళీ తుడుస్తూ నిలబడిపోయింది.