ఆడచేతిలో ఛార్జి

ఖాళీ అయిన బ్యాటరీని ఆటోలోంచి లాగేటప్పుడు నడుం వంచకూడదు, మోకాళ్ళు వంచాలి. కరెంటు ఆటోలకు బ్యాటరీలు మార్చే స్టేషన్లో చేరిన రోజు సూపర్‌వైజరు ఆమెకు నేర్పిన మొదటి పాఠం అది. ఒక్కోటి పదకొండు కిలోలు, ఆటోకి రెండు. వాడేసి తెచ్చినవి గోడవారనున్న అరల్లోకి తోసి ఛార్జింగుకు తగిలించి, నిండినవి తీసి ఆటోలో బిగించి పంపాలి. మూడు నిమిషాల పని. అలా పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా డెబ్భై ఆటోలు. ఇంటికెళ్ళి చేతులు లాగుతున్నాయంటే, "నీడపట్టున కూర్చునే ఉద్యోగమేగా తల్లీ, ఎండలో తిరిగేది నా కొడుకు" అనేది అత్తగారు.

బరువులు ఎవరైనా మోస్తారు. ఆమె చేసే అసలు పని ఎవరికీ కనపడనిది. బ్యాటరీలన్నీ ఒకే రంగు పెట్టెలు, ఒకే పిడి, తెరమీద అన్నీ నూటికి నూరు చూపిస్తాయి. కానీ పాతబడిన బ్యాటరీ ముసలి ఎద్దులాంటిది. కొట్టంలో ఠీవిగానే నిలబడుతుంది, మెడమీద కాడి పడ్డాకే దాని సంగతి తెలిసేది. ఏ నంబరు పొద్దున వెళ్ళి రెండు గంటల్లోనే ఒళ్ళు కాలిపోతూ తిరిగొస్తుందో, ఏది సాయంత్రం దాకా నిక్షేపంగా లాగుతుందో ఏడాదిలో ఆమెకు కంఠతా వచ్చేసింది. స్టేషన్లో తిరిగే రెండువందల్లో పది అలాంటి ముసలివి. వాటిని వెనక్కి పంపేద్దామని రెండుసార్లు అడిగింది. "కొత్తవి ఎప్పుడొస్తాయో నాకే తెలీదమ్మా. తిప్పుతూ ఉండు. నోరున్నవాళ్ళకి మాత్రం తగిలించకు, వచ్చి నా ప్రాణం తీస్తారు" అన్నాడు సూపర్‌వైజరు.

నోరు లేనివాళ్ళెవరో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ స్టేషనుకొచ్చే ఆటోవాళ్ళలో ఆడమనిషి ఒక్కతే. నలభై దగ్గరపడుతున్న మనిషి. నెలకింతని ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని బడి దగ్గర దింపేది. మలుపు మలుపుకీ ఆగి, అటూ ఇటూ చూసి గానీ కదలదని మగవాళ్ళు ఆమెకు నిదానమ్మ అని పేరు పెట్టారు. వరసలో ఎవరైనా తన ముందుకు దూరితే, "పోనీలెండి, ఏం తొందరో" అని ఆటోని ఇంకాస్త వెనక్కి జరిపేది. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా. మొదట ఈమె ఒక పాత బ్యాటరీ నిదానమ్మకు ఇచ్చి చూసింది. ఏమీ అనలేదు. తర్వాత రెండూ పాతవే ఇచ్చింది. అప్పుడూ అనలేదు. సాయంత్రం రావలసిన మనిషి మధ్యాహ్నమే వచ్చి, "ఏంటో వదినా, ఇవాళ తొందరగా అయిపోయింది" అని, అదేదో తన తప్పన్నట్టు నవ్వింది.

అప్పుడు, తెలిసి ఇచ్చిన ఆమెకు పెద్దగా బాధ కలగలేదు. ఆ సంగతే తర్వాత ఎక్కువ బాధించింది. ఇంట్లో పద్నాలుగేళ్ళుగా జరుగుతున్నదే ఇక్కడా చేసింది తను. అందరూ తిని లేచాక గిన్నె అడుగున మాడింది ఎవరిదంటే, అడగనివాళ్ళది. ఫ్యాను గాలి తగలని మూల ఎవరిదంటే, అడగనివాళ్ళది. అడగందే అమ్మైనా పెట్టదు అని అత్తగారు ఊరికే అనేది, తీరా తను అడిగిన రోజున "నోరు లేస్తోందే" అనేది. అన్నేళ్ళు గిన్నె అడుగు తిన్న మనిషికి, గరిటె చేతికొచ్చిన రోజున పెట్టడం కూడా అలాగే వచ్చింది. వేరే పద్ధతి ఒకటుందని తోచనేలేదు.

ఆమె మొగుడూ ఆటోవాడే. రోజూ పదింటికి వస్తాడు. పదిహేడు, పద్దెనిమిది నంబర్లు మొత్తం స్టేషన్లోకే కొత్తవి. అవి నిండి రెండు గంటలైనా ఎవరికీ ఇవ్వకుండా, ఛార్జింగు అవుతున్నాయని అబద్ధం చెప్పి, అతని కోసం అట్టేపెట్టేది. ఎవరూ చెప్పలేదు. మంచిది తీసి పక్కన పెట్టడం చేతులకు అలవాటైపోయింది, అంతే. అతనికి ఆ సంగతి తెలీదు. తెలుసుకోవాలని అతనూ అనుకోలేదు. తోటివాళ్ళ ముందు మాత్రం, "నా బండి మీ అందరికన్నా పాతిక కిలోమీటర్లు ఎక్కువిస్తుంది, చూశారా? కిటుకంతా నడిపే చేతిలో ఉంటుందిరా" అనేవాడు. నిదానమ్మ పక్కనే ఉంటే గొంతు ఇంకాస్త పెంచి, "ఆడచేతిలో ఛార్జి నిలవదు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నిదానమ్మ కూడా నవ్వేది. ఇద్దరి బ్యాటరీలూ బిగించిన చేతులు తనవే అయినా, ఆమె తలొంచుకుని తీగలు సర్దుకునేది. ఒకటి రెండుసార్లు, మొగుడు గొప్పలు పోతుంటే లోలోపల మురిసింది కూడా.

ఆ సోమవారం పదింటికి ఆమె మొగుడి ఆటోలోంచి వాడేసిన బ్యాటరీలు రెండూ లాగేసి, కొత్తవాటి కోసం లోపలికి వెళ్తుంటే నిదానమ్మ నడుచుకుంటూ వచ్చింది. ఆటో లేదు. చేతిలో బ్యాటరీలు తీసుకోవడానికిచ్చే స్టేషను కార్డుంది.

"ఈ కార్డు మా మరిది పేరుకి మార్చాలంట వదినా. ఏం రాయాలో కాస్త చెప్పు."

"ఆటో ఏదీ?"

"గురువారం వంతెన మీద ఆగిపోయింది. ఏడుగురు పిల్లలు. అటూ ఇటూ లారీలు. పెద్దవాళ్ళు ఊరుకుంటారా? అందరూ మాన్పించేశారు. మా ఆయన తాళం తీసి మా మరిది చేతిలో పెట్టాడు. నీకు నడపడం రాదే అంటే వినవేం అన్నాడు." కార్డుని చెంగుతో తుడిచింది. "నిజమే అనుకుంటా. ఎంత జాగ్రత్తగా నడిపినా నా దగ్గర ఛార్జి అయిపోతోంది. నాకు తెలీనిదేదో ఉంది. ఒక్కమాట వదినా, ఇక్కడ విసుక్కోకుండా చూసిందంటే నువ్వే."

ఆఖరి మాట లేకపోతే ఆమె ఎప్పటిలాగే తల దించుకుని ఊరుకునేదేమో.

బయట ఆమె మొగుడు బండికి ఆనుకుని పక్కవాడితో అంటున్నాడు, "చెప్పానా? నేను ముందే చెప్పాను."

"నీకు నడపడం వచ్చు," అందామె. "నీకు నేను పాత బ్యాటరీలిచ్చాను. నాలుగు నెలలుగా, రోజూ. అన్నీ నూరే చూపిస్తాయి, కానీ సగం దూరం కూడా రావు. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. మంచివి దాచి మా ఆయనకు ఇచ్చాను."

బయట మొగుడు ఇటు తిరిగాడు. నిదానమ్మ అరలవైపు చూసింది, ఆమెవైపు చూసింది.

"నాకే ఎందుకు వదినా?"

"నువ్వేమీ అనవని."

తిడుతుందని చూసింది. తిట్టినా బాగుండేది. నిదానమ్మ కార్డు గుప్పిట్లో పెట్టుకుంది.

"మాన్పించిన పిల్లలు ఎటూ తిరిగి రారు," అంది. "మా ఇంటికొచ్చి ఈ మాట చెప్తావా? నేను చెబితే నమ్మరు. మా మరిది ఇంకో గంటలో బండి తీసుకుని పోతాడు."

ఆమె చేతులకు తొడుక్కున్న మందపు గుడ్డ తొడుగులు విప్పి బల్లమీద పెట్టింది. మొగుడు లోపలికొచ్చాడు.

"మతి పోయిందా నీకు? సూపర్‌వైజరుకి తెలిస్తే ఈ పూటే తీసేస్తాడు. ముందు నా బండి సంగతి చూడు, బ్యాటరీలు లేకుండా దారికడ్డంగా పడి ఉంది."

"లోపల యాభై ఉన్నాయి. మీరే చూసుకోండి," అంది ఆమె. కావాలని అన్న మాట కాదు, నోటికొచ్చింది. అతను అరల ముందు నిలబడి, ఏది తీయాలో తెలీక ఒక్కో నంబరూ చదువుకుంటుంటే ఆమె చెప్పులు వేసుకుంది.

ఎండ చురుక్కుమంటోంది. నిదానమ్మ నాలుగడుగులు ముందు నడుస్తోంది, మాట్లాడటం లేదు, వెనక్కి చూడటం లేదు. ఆ ఇంట్లో ఎవరుంటారో, తన మాట నమ్ముతారో లేదో ఆమెకు తెలీదు. అత్తగారి ముందు, మొగుడి ముందు ఆమె చెయ్యని తప్పులు ఎన్నో ఒప్పుకుంది. చేసిన తప్పు ఒప్పుకోవడానికి నడిచి వెళ్ళడం మాత్రం ఇదే మొదలు.