విరగని అతుకు

మంచులో జీపు ముందు వినిపిస్తుంది. తర్వాతే మనిషి కనిపిస్తాడు.

మా కొండ మీద పొద్దున్నపూట అంతే. తెల్లగా కమ్మేస్తుంది. కాఫీ మొక్కలు ఉండవు, బాట ఉండదు, ఎదుటి మనిషి ఉండడు. చెవులే దిక్కు. కింద మలుపు దగ్గర ఇంజను రొద వినగానే నేను ఆగిపోతాను.

ఎవరు? ఎందుకొచ్చారు?

నాకు అనుమానం ఎక్కువ. అనుమానం పెనుభూతం అంటాడు నాన్న. భూతమే నయం... కోడిని కోస్తే ఊరుకుంటుంది.

నా చెల్లి పేరు బేబి. పేరే అలా ఉండేది. గొంతు అలా ఉండేది కాదు.

ఆశ్రమ పాఠశాల గోడ దూకి వచ్చేసింది. తిరిగి పంపితే మళ్ళీ దూకింది. కొడవలితో జుట్టు కోసేసుకుంది. అరకులో టూరిస్టుల ముందు చీర కట్టి థింసా ఆడమంటే ఒక్కరోజు ఆడింది. మర్నాడు ఎవరో వదిలేసి పోయిన గిటారు చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. వదిలేసి పోయారో, ఇదే లేపుకొచ్చిందో! నేను అడగలేదు.

ఫోనులో చూసి వాయించడం నేర్చుకుంది. అరవడం మాత్రం పుట్టుకతోనే వచ్చు.

"పంకు పాట, పంకు పాట అంతావు... ఏటే అది?" అన్నాను ఒకసారి, చోళ్ళు చెరుగుతూ.

"కోపమే అక్కా. కోపానికి కరెంటు పెట్టినావనుకో, అదే పంకు."

కోపం ఎందుకుండదు? మా అమ్మ డోలీలో పోయింది. పురిటి నొప్పులతో, కర్రకి కట్టిన దుప్పట్లో, మలుపు దాకా కూడా చేరకుండానే. ఆ మలుపు దగ్గర ఒక బోర్డు ఉంది. మా ఊరికి రోడ్డు వేసేశామని, పని పూర్తయిందని, పెద్ద పెద్ద అక్షరాలు.

బోర్డు ఉంది. రోడ్డు లేదు.

అదే దాని పాట. పాటంతా అంతే.

"బోర్డుంది... రోడ్డేది?"

జి.మాడుగుల సంతలో పాడింది. వెనకాల నరేష్ డ్రమ్ములు కొట్టాడు. కిందనుంచి వచ్చిన కొట్టువాళ్ళ అబ్బాయి, చెల్లితో పాటు మా ఇంట్లో అంబలి తాగినవాడు. జనం మొదట నవ్వారు. తర్వాత వాళ్ళూ అరిచారు. రోడ్డేది? రోడ్డేది? సంత చివర రోడ్డు కంట్రాక్టరు జీపు ఆగి ఉంది. అద్దాలు ఎక్కించి ఉన్నాయి. జనం బేబిని చూస్తుంటే నేను అద్దాలనే చూశాను.

ఏ సంతలో పాడినా, పాట ఆఖర్న అది గిటారుని నేలకేసి కొట్టేది. రెండు ముక్కలు. ఈలలు, కేకలు. రాక్షసి గుంట అనేవాళ్ళు.

నాకు నవ్వొచ్చేది.

ఎందుకంటే అదంతా ఉత్తుత్తి కోపం. గిటారు ఎప్పుడూ ఒక్కచోటే విరిగేది... మెడ దగ్గర, అతుకు మీద. ఇంటికొచ్చాక నేను గుగ్గిలం కరిగించి మళ్ళీ అతికేదాన్ని. కొట్టేముందు బేబి జనానికి వీపు తిప్పేది, గబగబా బిరడాలు తిప్పి తీగలు వదులు చేసేది. తీగలు తెగితే వైజాగ్ నుంచి రావాలి మరి.

"మనిద్దరికే తెలుసే అక్కా. ఎవలికీ సెప్పీకు, పరువు పోద్ది."

చెప్పలేదు.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున్న, మలుపు కింద గెడ్డ నీళ్ళలో దొరికింది నా చెల్లి. పక్కనే గిటారు ముక్కలు.

తనే పగలగొట్టుకుంది. తనే దూకేసింది. అందరిదీ అదే మాట. పోలీసులకి ఆ మాట మొదట చెప్పింది నరేష్.

"పెతీసారీ పగలగొడతాది సార్. కోపం మనిసి."

పోలీసాయన తలూపాడు. ముక్కలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడు చూశాను.

అతుకు అలాగే ఉంది.

నా గుగ్గిలం చెక్కుచెదరలేదు. కింద డొక్క పగిలింది, ఎప్పుడూ పగలని చోట. తీగలు బిగుతు మీద తెగి, చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి.

బేబి పగలగొడితే అలా పగలదు.

మరి ఎవరు? దాంతో దేన్ని కొట్టారు? అనుకుంటే ఒళ్ళు మండిపోతుంది. ఏడుపు కూడా రాదు.

నాన్నకి చూపించాను. చాలాసేపు చేత్తో తడిమాడు.

"పోయిన గుంట మరి రాదు. ఉన్న గుంటని కూడా పోగొట్టుకోమంతావేటి?"

గిటారుని చోళ్ళ గాదెలో దాచాను. సంతకి వెళ్తే అందరి చేతులూ చూస్తాను. పలకరించినవాళ్ళు ఎందుకు పలకరించారా అనుకుంటాను. పలకరించనివాళ్ళ మీద ఇంకా అనుమానం.

నిన్న పొద్దున్న... మంచులో జీపు.

మలుపు దగ్గర ఆగింది. అడుగుల చప్పుడు ఎక్కింది. మంచులోంచి వచ్చింది నరేష్.

నరేష్‌కి జీపు లేదు.

"గిటారు నాకిచ్చీ అక్కా. గుర్తుగా ఉంచుకుంతాను." ఏడ్చాడు. దొంగేడుపు కాదు, నాకు తెలుసు. అదే నన్ను చంపుతోంది. "ఆకర్న జనానికి వీపు తిప్పేసి, నన్ను సూసి నవ్వేదక్కా. ఆ నవ్వు మర్సిపోలేకపోతన్నాను."

"నవ్వి?" అన్నాను.

ఆగిపోయాడు.

జనానికి వీపు తిప్పితే ముఖం ఎటు? డ్రమ్ముల వైపే. బిరడాలు తిప్పే ఆ వేళ్ళని ప్రతిసారీ చూసిందెవరు?

మనిద్దరికే తెలుసు అంది నా పిచ్చి చెల్లి.

ముగ్గురికి తెలుసు.

తెలిసి ఎందుకు చెప్పాడు, తనే పగలగొట్టుకుందని? వాడూ చూశాడా? చేశాడా? లేక వాణ్ణీ ఆ బోర్డు దగ్గర నిలబెట్టి భయపెట్టారా?

"రేపు రారా. ఎతికి ఉంచుతాను," అన్నాను.

వాడు దిగాడు. చాలాసేపటికి గానీ ఇంజను కదల్లేదు. నేను ఏం అన్నానో ఎవరికో చెబుతున్నాడు.

ఈ పొద్దున్న గాదెలోంచి గిటారు తీశాను. అమ్మని మోసిన దుప్పట్లోనే చుట్టాను. పాడేరు వెళ్తాను. కలెక్టరు ముందు పెడతాను. చెల్లి కోపం ఉత్తుత్తిదని అందరికీ తెలిసిపోతుంది, పోనీ. దాని పరువు పోతుంది, పోనీ. దాని చావు గురించైనా నిజం తేలాలి కదా.

నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. అడ్డం రాలేదు. "బేగి రా," అన్నాడు, అంతే.

కిందికి ఒకటే బాట. మలుపు మీంచే పోవాలి.

మంచు. బాట లేదు. బోర్డు లేదు. భుజం మీద దుప్పటి మూట, లోపల తెగిన తీగలు ఒకదానికొకటి తగిలి సన్నగా...

కింద జీపు వినిపించింది.

ఇంకా ఎవరూ కనిపించలేదు.

ఈసారి నేను ఆగలేదు.