జానెడు ఎడం

కుమార్ అన్నం తింటున్నంతసేపూ తల్లి తెరేసమ్మ కంచం అంచు మీద రెండు వేళ్ళు ఆనించి కూర్చుంటుంది. ఏమరుపాటున వదిలిందంటే కంచం అతనికి జానెడు ఎడంగా జరిగిపోతుంది. మంచినీళ్ళ గ్లాసుకి ఉప్పు డబ్బా అడ్డం పెడుతుంది. పీట వెనకాల గోడ ఉండేట్టు చూసుకుంటుంది. రెండో చేత్తో జపమాల తిప్పుకుంటూనే, మధ్యలో ఆపి, "కాస్త పచ్చడి వేసుకో నాయనా" అంటుంది.

మిలట్రీ వాళ్ళు ఇంటికి పంపేసిన దగ్గర్నుంచీ ఇంతే. అతని డిశ్చార్జి పుస్తకంలో 'అవాంఛనీయుడు' అని రాశారు. ఆ మాట పడ్డవాడి దగ్గరికి వస్తువులు మాత్రం ఎందుకొస్తాయని గుణదలలో ఆ వీధి వీధంతా సరిపెట్టుకుంది. షుగరున్నవాళ్ళకి పంచదార లేని కాఫీ ఇచ్చినట్టే, కుమార్ వస్తే కుర్చీకి కాలు అడ్డం పెట్టి కూర్చోమంటారు. సెలూన్ అతను కుర్చీని తాడుతో కిటికీ ఊచలకి కట్టేసి గడ్డం గీస్తాడు. ఎవరూ దాన్నొక వింతగా చెప్పుకోరు.

ఉద్యోగమే నిలవటం లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపువాళ్ళు పార్కింగులో పెట్టుకున్నారు. వెనక్కి తియ్యాల్సిన బండి ముందు కుమార్ నిలబడితే చాలు, అదే వెనక్కి పోయేది. మేనేజరు తెగ మురిసిపోయాడు. ఒక క్రిస్మస్ రద్దీలో, స్టాండు వేసిన స్కూటర్లు వరసంతా ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయేసరికి, "నీ తప్పు లేదు బాబూ, నాకు తెలుసు" అంటూనే పంపించేశాడు. బ్యాంకుల్లో గార్డు పనికి మాజీ సైనికుల్ని తీసుకుంటారు గానీ ముందు ఆ పుస్తకం చూపించమంటారు. పుస్తకంలో ఆ మాట ఉంది.

దాన్ని మార్పించుకునే దారి ఒకటుందని చెప్పినవాడు వకీలు కరిముల్లా. నల్లకోటు వెయ్యకముందు ఆయనా మిలట్రీలో గుమాస్తాగా చేసినవాడే. ఇట్లాంటి కేసుల్ని మళ్ళీ విచారించే బోర్డు ఒకటి అప్పుడప్పుడూ బెజవాడ వచ్చి, గవర్నర్‌పేటలో ఒక పాత భవనం మేడ మీద కూర్చుంటుందిట.

"సెలవు మీద వచ్చి నాలుగుసార్లు టైముకి తిరిగి వెళ్ళలేదమ్మగారూ. నాలుగుసార్లూ ఎర్ర సిరాతో శిక్ష రాశారు. ఆపైన పంపించడం వాళ్ళ రూలే" అన్నాడాయన. "కానీ ఎందుకాగిపోయావని కల్నల్ గారు అడిగితే మీవాడు 'ఊరికే సార్' అన్నాట్ట. ఊరికే ఆగినవాడి తరఫున నేనేం వాదించేది? కారణం చెప్పండి. మిగతాది నేను చూసుకుంటా."

తల్లీ కొడుకూ కారణం చెప్పకుండానే లేచి వచ్చేశారు.

కారణం ఫిలిప్పు. తెరేసమ్మ భర్త. బందరు కాలవ మీద లస్కరుగా చేసేవాడు. తూములు ఎత్తడం, దించడం, గట్టు వెంబడి తిరిగి ఎక్కడా గండి పడకుండా కాపు కాయడం ఆయన పని. వయసు మళ్ళాక ఆయనకి మూర్ఛ పట్టుకుంది. నీళ్ళ ఒడ్డున బతికే మనిషికి రాకూడని జబ్బు. సరిగ్గా అప్పుడే కూతురు ఉషశ్రీకి మంగళగిరి నుంచి మంచి సంబంధం వచ్చింది. మూర్ఛ అనగానే రక్తంలోనే ఉందంటారు, పిల్ల పెళ్ళి అయ్యేదాకా ఈ మాట గడప దాటకూడదని ఇంట్లో అనుకున్నారు. సెలవు మీద వచ్చిన కుమార్ తండ్రి వెనకాలే గట్టు మీద నడిచేవాడు. ఒకసారి నీళ్ళలోంచి లాగాడు. ఆయన లేవలేని రోజుల్లో ఆయన టోపీ పెట్టుకుని తనే తూములు ఎత్తాడు. అవతలి గట్టు మీంచి చూసినవాళ్ళు లస్కరే తిరుగుతున్నాడనుకున్నారు. సెలవు అయిపోయేది. తండ్రి మంచం దిగేవాడు కాదు.

పెళ్ళి జరిగిపోయింది. ఆ తర్వాత ఫిలిప్పు నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇక చెప్పొచ్చు కదా అంటే, చెప్పాల్సిన సమయం దాటిపోయింది. అత్తారింట్లో ఉషశ్రీకి ఇప్పుడు రెండో కానుపు.

విచారణ రోజు పొద్దున్నే ఉషశ్రీ ఫోను చేసింది.

"అమ్మా, మా అత్తగారు కూడా బయల్దేరింది. వియ్యపురాలు ఒక్కత్తే ఆఫీసులమ్మట తిరుగుతుంటే చూస్తూ ఊరుకుంటానా అంటోంది. ఆవిడ ముందు నాన్న జబ్బు మాట ఎత్తకు, నీకు దణ్ణం పెడతా. రేపు పుట్టేవాడు తుమ్మినా మీ రక్తమే అంటుంది."

"ఎత్తనులే తల్లీ."

"మరియమ్మ మీద ఒట్టెయ్యి."

"ఆ తల్లి మీద ఒట్లు వెయ్యకూడదు" అంది తెరేసమ్మ. పక్కనుంచి వింటున్న కుమార్, "అది భయపడక్కర్లేదని చెప్పమ్మా, నేను చెప్పేది లేదు" అని చొక్కా కోసం చెయ్యి చాచాడు. చొక్కా కొక్కెం మీద అవతలికి ఊగింది. తల్లి పట్టుకుని తొడిగింది.

ఉషశ్రీ అత్తగారు రావమ్మ మంగళగిరి బస్సు దిగి, ఆయాసపడుతూ గవర్నర్‌పేట మేడ మెట్లెక్కి, వస్తూనే మొదలుపెట్టింది. మనిషి నిండుగా ఉంటుంది, మాట అంతకంటే నిండుగా ఉంటుంది.

"ఏంటి వదినగారూ, ఉపవాసం ఉన్నారా? మొహం చూడండి ఎట్టా పీక్కుపోయిందో. కుమారూ, పులిహోర తెచ్చాను, విచారణ అయ్యాక తిందాం. జడ్జీగారి ముందు నోరు తెరిచి మాట్లాడు నాయనా. మా ఇంటికొస్తే సోఫా చివర కూర్చుని నేలకేసి చూస్తుంటావు, ఆ సోఫాయేమో పాపం పారిపోతుంటుంది."

"అలాగే అత్తయ్యా" అన్నాడు కుమార్.

పేరు పిలిచారు. లోపల మధ్యలో రిటైరైన జడ్జిగారు, అటూ ఇటూ ఇద్దరు మిలట్రీ పెద్దలు. వాళ్ళ ఎదురుగా ఒంటరిగా ఒక ఇనప కుర్చీ.

"కూర్చో తమ్ముడూ" అన్నాడు బంట్రోతు. "నేలకి బోల్టులు కొట్టించాం. ఇక్కడికొచ్చే వాళ్ళందరికీ ఇదే కదా బాధ."

కుమార్ కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది గానీ కదల్లేదు. తెరేసమ్మ వెనక బెంచీ మీద రావమ్మ పక్కన కూర్చుని, కొంగు చాటున జపమాల పూసలు గట్టిగా పట్టుకుంది. నా నోరు మూయించు తల్లీ అని ఒక పూస దగ్గర, నా నోరు తెరిపించు తల్లీ అని దాని పక్క పూస దగ్గర అనుకుంటోంది. ఏది వినపడుతుందో ఆ మహాతల్లికి!

కరిముల్లా తన వంతు తను చెప్పాడు. మంచుకొండల్లో చేసిన నౌకరీ, ఒక్క దెబ్బలాట కూడా లేని నడవడిక. జడ్జిగారు విని, కళ్ళజోడు తీసి తెలుగులోనే అడిగారు.

"నాలుగుసార్లు ఆగిపోయావు. ఇంత మంచి నౌకరీ చేసినవాడివి. ఎందుకు బాబూ?"

"ఊరికేనండి."

"ఇంట్లో ఏదైనా కష్టమా?"

"ఏమీ లేదండి. అంతా బాగానే ఉండేవారండి."

కుర్చీ మూలిగింది. ముందు కాలు దగ్గర బోల్టు ఒకటి తిరుగుతూ తిరుగుతూ పైకి లేచి, టంగుమని రాలి, గచ్చు మీద దొర్లిపోయింది. బంట్రోతు పరిగెత్తుకొచ్చి కుర్చీ వీపు పట్టుకున్నాడు.

బోల్టు దొర్లుతున్న చప్పుడుకి తెరేసమ్మకి ఉషశ్రీ ప్రధానం రోజు కళ్ళకి కట్టింది. పెద్దలు కూర్చున్నారు. ఫాదరు గారు ప్రార్థన ముగించారు. రావమ్మ అందరినీ వదిలి కుమార్‌నే అడిగింది, మిలట్రీవాడు అబద్ధమాడడని కాబోలు. "మీ నాన్నగారికి ఒంట్లో ఎట్టా ఉంటుంది బాబూ?" కుమార్ తల్లికేసి చూశాడు. తల్లి కళ్ళతోనే చెప్పింది. "రాయిలా ఉన్నారండి" అన్నాడు. అతని ముందున్న కాఫీ గ్లాసు వేలెడు అవతలికి జరిగింది. కింద తడి ఉందేమోననుకుని తెరేసమ్మ కొంగుతో బల్ల తుడిచింది. బల్ల పొడిగానే ఉంది. అప్పటికి అతని పుస్తకంలో ఎవరూ ఏమీ రాయలేదు. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఆమెకి గుర్తే రాలేదు. ఇంట్లో ఎవరి పుట్టుక ఏ వానలో, ఎవరి చావు ఏ కోతల్లో, అన్నీ తననే అడుగుతారు. ఇదొక్కటి మాత్రం ఎక్కడ దాచిందో తనకే తెలియలేదు.

లేచి నిలబడింది.

"అయ్యా, నేను వీడి తల్లినండి. ఒక్క మాట చెప్పుకోవచ్చా?"

"అమ్మా!" అన్నాడు కుమార్.

"నువ్వుండు నాయనా." ముందు బెంచీ వీపు పట్టుకుంది. "మా ఆయనకి మూర్ఛండి. కాలవ మీద నౌకరీ. వీడు కాపలా ఉండకపోతే ఏనాడో కొట్టుకుపోయేవాడు. వీడు ఆగింది అందుకు. చెప్పకపోయింది మాత్రం నా వల్లండి. పిల్ల పెళ్ళి తప్పిపోతుందని నేనే ఎవరికీ చెప్పద్దన్నాను. ఇంటికొచ్చిన పెద్దల ముందు అబద్ధం ఆడించాను. వీడు తర్వాత పై ఆఫీసర్ల ముందు కూడా అదే చెప్పుకొచ్చాడు. అమ్మ మాట అనుకున్నాడు, అంతేనండి."

పక్కన గాజులు గలగలమన్నాయి. రావమ్మ లేచింది. చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వెళ్ళింది. గుమ్మం దాటింది. తెరేసమ్మ తల తిప్పలేదు. కొడుకు పేరు కోసం కూతురి కాపురం పణంగా పెట్టేశానా అనుకుంది.

"దీనికి రుజువేమిటమ్మా?" అన్నాడు ఒక ఆఫీసరు.

"ఆస్పత్రి కాయితాలు తెప్పించి దాఖలు చేస్తాం సార్" అన్నాడు కరిముల్లా లేస్తూ.

ఆఫీసరు ఆయన మాట వింటున్నట్టు లేడు. ముందుకి వంగి కుర్చీ కాళ్ళకేసి చూస్తున్నాడు. బంట్రోతు ఎప్పుడో చెయ్యి తీసేశాడు. బోల్టు ఊడిన కాలు కూడా గచ్చుకి అంటుకుని నిలబడి ఉంది. ఆయన జడ్జిగారికేసి చూశాడు. జడ్జిగారూ చూసి, కళ్ళజోడు పెట్టుకుని రాయటం మొదలుపెట్టారు.

"ఆ మాట కొట్టేస్తున్నాం. ఇంటి అవసరం మీద సొంతంగా విడుదల కోరుకున్నట్టు మారుస్తాం. నడవడిక గుడ్. కొత్త పుస్తకం ఇంటికొస్తుంది. వెళ్ళిరా బాబూ."

కుమార్ లేచి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలియనట్టు కుర్చీ చేతిని ఒకసారి నిమిరాడు.

వరండాలో కరిముల్లా తెరేసమ్మకి మంచినీళ్ళు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. తెరేసమ్మ చెయ్యి చాచింది. గ్లాసు జానెడు అవతలికి జరిగింది. ఇంకాస్త చాచింది. ఇంకాస్త జరిగింది. ముగ్గురూ చూశారు. కరిముల్లా గొంతు సవరించుకుని కాయితాలు సర్దుకోవటంలో పడ్డాడు. కుమార్ గ్లాసు తీశాడు. బుద్ధిగా అతని చేతిలోకి వచ్చింది. తల్లి నోటికి అందించాడు.

"అమ్మా, ఇది..."

"అబద్ధం ఎవరిదో వాళ్ళ దగ్గరికే వచ్చింది నాయనా. నీళ్ళు చల్లగా ఉన్నాయి" అంది తెరేసమ్మ. మనసు ఆ నీళ్ళ మీద లేదు. "మీ అత్తయ్య ఎక్కడ? బస్సెక్కేసిందా? ఉష మీద పడుతుందేమోరా. నిండు నెలల మనిషి."

మెట్లు ఎట్లా దిగిందో ఆమెకే తెలియదు. కింద రోడ్డు మీద రావమ్మ ఆటో ఆపి, డ్రైవరుతో బేరం తెగక వాదిస్తోంది. వీళ్ళని చూసి గిర్రున తిరిగింది.

"వచ్చావా? నన్ను పట్టుకుని 'ఇంటికొచ్చిన పెద్దలు' అంటావా? అంత పరాయిదాన్నా? ఇన్నేళ్ళు నా చేత్తో పులిహోర తిన్నావు, ఒక్కనాడు నోరు జారలేదే! ఎంత గట్టిదానివి నువ్వు!"

"తప్పు నాదే వదినా. ఉషనేమీ అనకండి. దానికి..."

"నేనేమంటానో నువ్వు చెప్పక్కర్లేదు. ఆ పిల్లాడి మొహం చూడు. నా సోఫా వీడి కింద ఎందుకు పారిపోయిందో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ దాని చక్రాలు బాగాలేవని మా ఆయన్ని తిట్టి పోశాను." ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. "నేను చెప్పనివి మా ఇంట్లోనూ ఉన్నాయిలే. ఏంటని మాత్రం అడగబోకు. ఎక్కు."

తెరేసమ్మ ఆటోలో కూర్చోబోయింది. సీటు సర్రున పక్కకి తప్పుకుంది. ఆమె అంచు మీద నిలదొక్కుకోలేక కడ్డీ పట్టుకోబోతే కడ్డీ వణికింది.

రావమ్మ ఒక్క క్షణం చూసింది. "కుమారూ, నువ్వు అటు ఎక్కు" అంది. అటు కుమార్, ఇటు తను ఎక్కి, తెరేసమ్మని నడుమ ఇరికించి, తన బరువంతా అటువైపు మోపింది. సీటు కాసేపు గింజుకుని ఊరుకుంది.

ఆటో ఏలూరు రోడ్డు ఎక్కుతుండగా తెరేసమ్మ సంచీలో ఫోను మోగింది. చెయ్యి పెడితే ఫోను సంచీ అడుగుకి దూరింది. రావమ్మే లాగి చెవికి పెట్టుకుంది. అవతల ఉషశ్రీ, "అమ్మా, అయిపోయిందా? ఏమైనా చెప్పావా? మాట్లాడవే?" అంటోంది.

"అమ్మ కాదు, అత్తని" అంది రావమ్మ. "అన్నీ చెప్పింది. ఏడవకు, బిడ్డకి మంచిది కాదు. మీ అమ్మనీ తీసుకొస్తున్నా, పురుడయ్యేదాకా మనింట్లోనే ఉంటుంది. నా పక్కనే ఉంది... ఎక్కడికి జారిపోతుందే? నేను ఆనుకుని కూర్చున్నాగా!"