తలుపు వెనక కాటా

సముద్రపు గోడకు ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో మేస్త్రి, అలల మీద నిలబడి జారే సర్ఫ్‌బోర్డులు చేస్తాడు. ఫోమ్ దిమ్మను చెక్కుతాడు, పైన గాజుగుడ్డ పరిచి రెసిన్ జిగురు పోస్తాడు, ఆరాక గరుకు కాగితంతో రుద్దుతాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. బోర్డు కోసం ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు అడుగుతాడు. బరువెంత? ఈ ఏడాది ఎన్నిసార్లు నీళ్లలోకి దిగావు? ఇవాళ అలలు ఎలా ఉన్నాయి?

జవాబులు వింటాడు గాని నమ్మడు. తలుపు మూస్తే దాని వెనక ఉన్న కాటా బయటపడుతుంది. దాని మీద నిలబెడతాడు. తర్వాత గోడ ఎక్కించి పది అలలు లెక్కపెట్టిస్తాడు. ఆ కాటా తెచ్చింది అతని భార్య. "మనిషి ఒంటి బరువు దగ్గర అబద్ధమాడితే సముద్రం ఊరుకోదు" అనేది.

ఆమె పోయి రెండేళ్లయింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆమె తమ్ముడు వచ్చాడు. ఆమె పోయాక షెడ్డు గడప తొక్కడం ఇదే మొదలు.

"బావా, బాగున్నావా?"

"చూస్తున్నావుగా. పనేంటి?"

"స్కూల్లో సర్ఫింగ్ నేర్పే ఉద్యోగం ఒకటి పడింది. తొమ్మిదింటికి పరీక్ష. ఇరవై నిమిషాల్లో మూడు అలలు ఎక్కి నిలబడాలి, అంతే. నా బోర్డు ఎప్పుడో అమ్మేశా. ఓ మంచిది చూసి ఇవ్వు." గొంతు తగ్గించాడు. "ఇది కూడా పోతే నా పని అయిపోయినట్టే బావా. ఆర్నెల్లుగా ఇంట్లోనే కూర్చున్నా. మీ చెల్లెమ్మ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతానంటోంది."

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. పోయే ముందు అతని భార్య ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. రోజూ తమ్ముడొచ్చాడా అని అడిగింది. మేస్త్రి రోజూ వాడికి ఫోన్ చేశాడు. "ఇలాంటి అలలు మళ్లీ ఏడాదికి గాని రావు బావా, ఆదివారం తప్పకుండా వస్తా" అన్నాడు తమ్ముడు. ఆమె శనివారం పోయింది. అంత్యక్రియలకు వచ్చినప్పుడు వాడి చెవిలో ఇంకా ఇసుక ఉంది.

"బరువెంత?" అన్నాడు మేస్త్రి.

"డెబ్బై."

చొక్కా గుండీలు బిగుసుకుని ఉన్నాయి. ఎనభై ఎనిమిదికి తక్కువుండడు.

"ఈ ఏడాది ఎన్నిసార్లు దిగావు?"

"వారానికి మూడుసార్లకి తగ్గను."

ఎండ ఎరగని మెడ, మెత్తబడ్డ భుజాలు.

"ఇవాళ అలలు?"

"ఛాతీ ఎత్తు లేస్తున్నాయి. ఇప్పుడే చూసొస్తున్నా."

వాడు వచ్చింది వెనక వీధిలోంచి. అటునుంచి సముద్రం కనబడదు. మేస్త్రి తెల్లవారగానే గోడెక్కి చూశాడు. మోకాలెత్తు అలలు, ఊపు లేదు.

తలుపు బార్లా తెరిచి ఉంది. మేస్త్రి దాన్ని మూయలేదు. గోడ ఎక్కమనీ అనలేదు. మూలనుంచి ఆరడుగుల బోర్డు తీశాడు. పల్చటిది, ముక్కు కోసుగా ఉంది.

"నువ్వు చెప్పిన మనిషికి, నువ్వు చెప్పిన అలలకి, ఇదే సరైనది."

"అద్గదీ! పనివాడివంటే నువ్వు బావా. మొన్నొకడు పడవంత బోర్డు అంటగట్టబోయాడు. నేనేమన్నా ముసలాణ్ణా?" అంటూ పైకి చూశాడు. దూలానికి తొమ్మిదడుగుల బోర్డు వేలాడుతోంది, దళసరిగా, వెడల్పుగా. "అదెవరికి?"

"ఒకాయనకి. తీసుకెళ్లడానికి రాలేదు."

"తలుపులా ఉంది. నలుగురు కూర్చుని భోంచేయొచ్చు." నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

అది వాడికే. "వాడు లావెక్కుతున్నాడు, చిన్నదాని మీద ఇక తేలడు. ఒప్పుకోడు గాని, నలభై దాటాక ఇద్దురుగాని" అని ఆమె పట్టుబట్టి చేయించింది. ముక్కు దగ్గర నీలం చేపను తనే వేసింది. చిన్నప్పుడు తమ్ముడి పుస్తకాల అట్టలన్నిటి మీదా వేసిన చేపే.

పది నిమిషాలకు బేకరీలో పనిచేసే ఆవిడ వచ్చింది, మోచేతుల దాకా పిండితో.

"మేస్త్రిగారూ, నేనూ ఇవాళ్టి స్కూలు పరీక్షకేనండీ." తనే తలుపు మూసి కాటా ఎక్కింది. "తొంభై ఒకటి. నవ్వకండి."

"నవ్వను. ఎన్నిసార్లు దిగావు?"

"పదకొండు. సెలవు దొరికితేగా."

"అలలు?"

"గోడ మీంచి చూశానండీ. లేవలేక లేస్తున్నాయి, మా ఆయన పొద్దున్నే లేచినట్టు."

మేస్త్రి దూలం వైపు చూశాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి, నీలం చేప బోర్డు దించాడు. చేపను కప్పేసిన రెండేళ్ల దుమ్ము తుడిచి ఆవిడకిచ్చాడు. తర్వాత షెడ్డుకు తాళం వేసి ఒడ్డుకు వెళ్లాడు.

బావమరిది మీద బోర్లా పడుకోగానే బోర్డు నీళ్ల కిందకు పోయింది. పైన తల, భుజాలు మాత్రమే మిగిలాయి. చేతులు ఎంత ఆడించినా అలలు అతన్ని దాటుకుని వెళ్లిపోయాయి. ఒక్కసారి మోకాళ్ల దాకా లేచాడు. బోర్డు ముక్కు నీళ్లలో గుచ్చుకుంది, తలకిందులుగా పడ్డాడు.

"ఎవరయ్యా, గేదెను గరిటె మీద ఎక్కించింది?" అన్నారెవరో. ఒడ్డంతా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. వెనక్కీ తిరగలేదు. ఇరవై నిమిషాలూ చూశాడు.

బేకరీ ఆవిడ నాలుగు అలలెక్కింది. ఆ బోర్డు మీద ఆవిడ బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడింది. ఉద్యోగం ఆవిడదేనని పరీక్ష పెట్టినాయన అక్కడే చెప్పేశాడు.

బావమరిది వణుక్కుంటూ వచ్చాడు. ఇసుకలో పెట్టిన ఆవిడ బోర్డు మీద చూపు ఆగిపోయింది.

"అది అక్క చేప."

"అవును."

"నాకోసం చేయించిందా?"

"నీకోసమే."

"మరి నాకెందుకివ్వలేదు?"

"డెబ్బై కిలోలన్నావు."

"నీకు తెలుసు బావా! అందరినీ కాటా ఎక్కిస్తావు. నన్నెందుకు ఎక్కించలేదు?"

"మీ అక్క పదకొండు రోజులు అడిగింది. దారిలో ఉన్నాడని చెప్పా. నమ్మింది. నువ్వు చెప్పింది నేనూ నమ్మా, అంతే."

వాడు ఇసుకలో కూలబడ్డాడు.

"పిల్లలు వెళ్లిపోతారు బావా," అన్నాడు. "పోనీ, ఆ బోర్డన్నా ఇవ్వు. అక్క గుర్తుగా."

బేకరీ ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, బోర్డు తీసి మేస్త్రి ముందు పెట్టింది. "ఇదిగోండి. కడిగి ఇమ్మంటారా?"

"ఉంచుకో అమ్మా," అన్నాడు మేస్త్రి. "ఎవరికోసం చేశానో వాడు రాలేదు."