హన్మంతు రుచి చూసిన షార్డొనే

గోపాల్‌పేట గీత కార్మికులు దింపిన కల్లు హన్మంతు నాలుక దాటకుండా దుకాణానికి పోదు. ఎవడైనా మత్తుమందు కలిపితే ఒక్క చుక్కలో చేదు పట్టేసి, లొట్టి కుండెడు కల్లూ అక్కడే ఒలకబోయించేవాడు. ముప్పై ఏళ్ల పేరు అది. గొంతులో క్యాన్సర్ పుండుకు పట్నం దవాఖానలో కరెంటు పెట్టించుకున్నాక, నాలుగు నెలలుగా ఆ నాలుకకు ఉప్పూ కారమూ కూడా తెలియడం లేదు. భార్య తిరుపతమ్మకైనా చెప్పలేదు మహానుభావుడు. నురగ చూసి, వాసన చూసి, "పోనియ్యుండ్రి" అంటున్నాడు. నాలుక పోయిందంటే గీత సంఘంలో తన ముఖం ఎవరు చూస్తారని భయం.

ఒక మధ్యాహ్నం తమ్ముడి కొడుకు భానుప్రకాశ్ హైదరాబాద్ నుంచి హన్మంతు ఇంటికి వచ్చాడు. హోటల్లో పని. సగమున్న సీసా ఒకటి తెచ్చాడు.

"తెల్ల వైను పెద్దనాయినా. షార్డొనే అంటరు. ఆస్ట్రేలియాల ఒక మొగుడుపెండ్లాలు నాలుగెకరాల ద్రాక్షతోట పెట్టుకొని సొంతంగ చేస్తరట. పోయిన నెల ఒక గెస్టు ఇడిసిపెట్టి పోయిండు. నీకోసమని రూంల దాచిన. ఎట్లుందో నువ్వే చెప్పాలె."

సంఘం పెద్ద నాగేశ్ కూడా అక్కడే ఉన్నాడు. తాగడానికి తాటాకు రేకలు దొప్పల్లా మడిచారు. హన్మంతు ఎల్లమ్మ పేరు చెప్పి నాలుగు చుక్కలు నేల మీద సాక పోశాడు. పుల్లటి వాసన వచ్చింది. కల్లు మరిగిన ముక్కు కదా, పులుపు తప్పని తోచలేదు. గుక్క మింగాడు. చల్లగా ఏదో గొంతు దిగింది, అంతే.

"మస్తుంది. జర తీపి, జర పులుపు. ముంజెల నీళ్ల తీరుంది."

నాగేశ్ తాగాడు. ముఖం వంకరపోయింది. అయినా తల ఊపి, "ఔ, మంచిగుంది" అన్నాడు. చివర తాగిన భానుప్రకాశ్ మాత్రం తుపుక్కున ఉమ్మాడు.

"తాగకుండ్రి! ఖరాబైంది. ఉత్త వెనిగర్ ఇది."

నాగేశ్‌కు కోపం వచ్చింది. "నీకేం తెల్వదు, ఊకో. ఫారిన్ సరుకు గట్లనే ఉంటదేమో. మా హన్మంతన్న మంచిగుందన్నడంటే మంచిగున్నట్టే." అని రేకలో మిగిలింది కూడా గటగటా తాగేశాడు.

ఆ గుక్కలు చూశాడు హన్మంతు. వీళ్లు తన మాట మీద విషమైనా తాగుతారు. నాలుగు నెలలుగా తాగిస్తున్నది తానే. ఇక సిగ్గు ఎక్కడిది?

"నాగేశూ, నా నాలుక సచ్చి నాలుగు నెలలైంది. నాకేం రుచి తెలుస్తలేదు. పొద్దుగాల కల్లు గూడ ఉత్తగనే పోనిచ్చిన. దుకాణం బంద్ పెట్టియ్యి."

నాగేశ్ లేచి తన ఇంటి వైపు తిరిగాడు.

"మా అమ్మకు పొద్దున ఒక సీసా పంపిన. నువ్వు చూసిన కల్లే కదా అని. అప్పుడు పన్నది ఇంకా లేస్తలేదన్నా. ముసల్ది కదా, నిద్రపోతుందనుకున్న."